సొంత సర్వర్‌లో వెబ్ ఫైల్ మేనేజర్: హద్దులు గీసుకుని మొదలుపెట్టడం ఎలా

సొంత సర్వర్ నడిపేవాళ్ళందరికీ ఏదో ఒక రోజు ఈ అవసరం వస్తుంది. కావలసిన పీడీఎఫ్ ఆ మెషీన్‌లో ఉంటుంది, మన చేతిలో ఫోన్ మాత్రమే ఉంటుంది. ఫోన్‌లో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌కు కమాండ్లు ఇచ్చే దారి) తెరిచి ఫైల్ లాక్కోవడం ప్రాణం మీదికొచ్చే పని. మనమైతే ఎలాగో తంటాలు పడతాం. ఇంట్లోవాళ్ళకూ తోటి ఉద్యోగులకూ ఆ పద్ధతి నేర్పాలంటే కుదరదు. వాళ్ళు బ్రౌజర్ తెరిచి, పాస్‌వర్డ్ కొట్టి, ఫోల్డర్ నొక్కితే ఫైల్ కనబడాలి. వెబ్ ఫైల్ మేనేజర్ ఉన్నది ఇందుకే.

దాన్ని ఇన్‌స్టాల్ చేయడం పది నిమిషాల పని. హద్దులు గీయడమే అసలు పని. అందుకే కమాండ్ల జోలికి వెళ్ళకముందే మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. అది ఏ ఫోల్డర్ వరకు చూడగలగాలి? సర్వర్‌లో ఏ యూజర్ పేరు మీద నడవాలి? దాని లాగిన్ పేజీ ఎక్కడి నుంచి తెరుచుకోవాలి? ఈ మూడూ తేలితే మిగతా సెట్టింగ్‌లు వాటంతట అవే దారిలో పడతాయి. తేల్చకుండా మొదలుపెడితే ప్రతి సమస్యకూ అప్పటికి తోచిన పరిష్కారం చేస్తూ, చివరికి మొత్తం డిస్క్‌ను ఒక్క పాస్‌వర్డ్ వెనక పెట్టేస్తాం.

ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి

కేవలం ఫైళ్ళు చూడటం, ఎక్కించడం, దించుకోవడం చాలనుకుంటే ఫైల్ బ్రౌజర్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ సరిపోతుంది. గో భాషలో రాసిన ఒకే ఒక్క బైనరీ (నేరుగా నడిచే ప్రోగ్రామ్ ఫైల్) అది. వేరే డేటాబేస్ సర్వర్ అవసరం లేదు, చిన్న మెషీన్‌లో కూడా హాయిగా నడుస్తుంది. అయితే ఒక విషయం తెలిసే ఎంచుకోండి: ఆ ప్రాజెక్ట్ ఇప్పుడు మెయింటెనెన్స్ దశలో ఉంది. అంటే కొత్త ఫీచర్ల మీద కాకుండా సవరణల మీదే దృష్టి పెడుతున్నారు. దాని నుంచి విడిపోయి పెరిగిన ఫైల్‌బ్రౌజర్ క్వాంటమ్ అనే మరో ప్రాజెక్ట్ కూడా ఉంది.

మీకున్నది పీహెచ్‌పీ మాత్రమే నడిచే షేర్డ్ హోస్టింగ్ అయితే టైనీ ఫైల్ మేనేజర్ చూడండి. మొత్తం ప్రోగ్రామ్ ఒకే పీహెచ్‌పీ ఫైల్‌లో ఉంటుంది. దాంతో వచ్చే డిఫాల్ట్ పాస్‌వర్డ్‌లు అందరికీ తెలిసినవే కాబట్టి, వాటిని మార్చాకే సర్వర్‌లోకి ఎక్కించాలి. ఎక్కించాక మారుద్దాం అనుకోకండి. క్యాలెండర్, కాంటాక్ట్‌లు, కంప్యూటర్‌తో సింక్ ఇవన్నీ కావాలంటే నెక్స్ట్‌క్లౌడ్ ఉంది. దాని బరువు, దాని నిర్వహణ వేరే లెక్క.

ఇక్కడ డాకర్‌లో ఫైల్ బ్రౌజర్ పెట్టే పద్ధతి చెబుతున్నాను. డాకర్ అంటే ప్రోగ్రామ్‌ను మిగతా సర్వర్ నుంచి వేరుచేసి, కంటైనర్ అనే పెట్టెలో నడిపే సాఫ్ట్‌వేర్. ఆ పెట్టె ఏ అచ్చు నుంచి తయారవుతుందో దాన్ని ఇమేజ్ అంటారు. వేరే ప్రోగ్రామ్ తీసుకున్నా క్రమం ఇదే.

మొదట ఫోల్డర్

సర్వర్‌లో దీనికోసమే ఒక కొత్త ఫోల్డర్ చేయండి. ఫైల్ మేనేజర్‌కు ఆ ఒక్క ఫోల్డర్ తప్ప ఇంకేమీ కనబడకూడదు. అన్నీ ఒకేచోట దొరుకుతాయి కదా అని రూట్ డైరెక్టరీనో, మీ హోమ్ డైరెక్టరీనో మొత్తంగా ఇచ్చేయాలని అనిపిస్తుంది. ఇవ్వకండి. హోమ్‌లో చుక్కతో మొదలయ్యే ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్ ఉంటుంది, దాన్లో మీ ఎస్‌ఎస్‌హెచ్ కీలు (పాస్‌వర్డ్‌కు బదులు లాగిన్‌కు వాడే ఫైళ్ళు) ఉంటాయి. పక్కన ఏదో ప్రాజెక్ట్ తాలూకు ఎన్వ్ ఫైల్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ ఉంటుంది. బ్రౌజర్‌లోంచి ఆ ఫోల్డర్‌లోకి రాయగలిగినవాడు తన ఎస్‌ఎస్‌హెచ్ కీని అనుమతించిన కీల జాబితాలో చేర్చేసుకుంటే చాలు, ఇక ఫైల్ మేనేజర్‌తో వాడికి పనే లేదు. సర్వర్ మొత్తం వాడిదే.

కొత్త ఫోల్డర్ లోపల అందరికీ ఉమ్మడిగా ఒకటి, మనిషికొకటి, బయటివాళ్ళకు పంపే ఫైళ్ళకు ఒకటి పెట్టుకోండి. ఈ చివరిది చిన్నదిగా కనిపించినా చాలా ఉపయోగపడుతుంది, ఎందుకో షేర్ లింకుల దగ్గర చెబుతాను. వేరే డిస్క్‌లో ఉన్న ఫోటోల ఫోల్డర్ కూడా కనబడాలంటే సిమ్‌లింక్ (ఇంకోచోటి ఫోల్డర్‌ను చూపించే షార్ట్‌కట్) పెట్టి ఊరుకుంటే కంటైనర్‌లో పనిచేయదు. ఆ లింక్ చూపించే చోటు కంటైనర్ లోపల లేదు మరి. ఆ ఫోల్డర్‌ను కూడా విడిగా మౌంట్ చేయాలి, అంటే కంటైనర్ లోపల కనబడేలా జతచేయాలి.

తర్వాత యూజర్, పర్మిషన్లు

ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

లైనక్స్ కెర్నల్ మనిషిని పేరుతో కాదు, నంబర్‌తో గుర్తుపడుతుంది. ఫైల్ బ్రౌజర్ డాకర్ ఇమేజ్ మామూలుగా 1000 నంబర్ యూజర్‌గా నడుస్తుంది. చాలా డిస్ట్రిబ్యూషన్లలో మొదట తయారైన యూజర్ నంబర్ కూడా 1000, అంటే అది మీ సొంత అకౌంటే కావచ్చు. ఫైల్ మేనేజర్‌కు మీ హక్కులన్నీ ఎందుకు? దానికోసం లాగిన్ లేని వేరే యూజర్‌ను తయారుచేసి, ఐడీ కమాండ్‌తో ఆ యూజర్ నంబర్, గ్రూప్ నంబర్ చూసి రాసిపెట్టుకోండి. సీహెచ్ ఓన్ కమాండ్‌తో కొత్త ఫోల్డర్‌ను ఆ యూజర్ పేరు మీదికి మార్చండి.

మీరు కూడా ఎస్‌ఎస్‌హెచ్ నుంచి అదే ఫోల్డర్‌లో పనిచేయాలంటే మిమ్మల్ని ఆ గ్రూప్‌లో చేర్చుకుని, ఫోల్డర్లకు 2775 పర్మిషన్ ఇవ్వండి. ముందున్న 2 అంకె ముఖ్యం. ఆ ఫోల్డర్‌లో ఎవరు కొత్త ఫైల్ సృష్టించినా దాని గ్రూప్, ఫోల్డర్ గ్రూపే అవుతుంది. అది లేకపోతే మీరు పెట్టిన ఫైల్ మీ సొంత గ్రూప్‌లో పడుతుంది, బ్రౌజర్‌లో ఎవరో దాన్ని మార్చబోతే ఎర్రటి ఎర్రర్ వస్తుంది. గ్రూప్ కలిసినంత మాత్రాన రాసే అనుమతి రాదు, దాన్ని యూమాస్క్ (కొత్త ఫైల్‌కు ఏ అనుమతులు రాకూడదో చెప్పే సెట్టింగ్) నిర్ణయిస్తుంది. యూమాస్క్ 022 ఉంటే కొత్త ఫైల్ 644తో పుడుతుంది, గ్రూప్‌లోని మిగతావాళ్ళు చదవగలరు కానీ మార్చలేరు. ఒకరి ఫైల్‌ను ఇంకొకరు మార్చాలనుకుంటే మీ యూమాస్క్ 002 చేసుకోండి.

ఎర్రర్ వచ్చినప్పుడు చాలామంది చేసే పని 777, అంటే అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేయడం. ఎర్రర్ పోతుంది, నిజమే. దాంతోపాటు ఆ సర్వర్‌లో నడిచే ఏ ప్రోగ్రామ్ అయినా ఆ ఫైళ్ళను మార్చేసే హక్కు కూడా వస్తుంది. దానికి బదులు ఎల్‌ఎస్ కమాండ్‌ను ఎల్, ఎన్ ఆప్షన్లతో ఇచ్చి చూడండి. పేర్లకు బదులు నంబర్లు కనిపిస్తాయి. కంటైనర్ ఏ నంబర్‌తో నడుస్తోందో, ఫైల్ ఏ నంబర్ పేరు మీద ఉందో పక్కపక్కన పెట్టి చూస్తే తేడా వెంటనే దొరుకుతుంది. పై ఫోల్డర్లన్నిటికీ ఎక్స్ అనుమతి ఉందో లేదో కూడా చూడండి. ఫోల్డర్‌కు ఎక్స్ లేకపోతే అందులోకి అడుగుపెట్టడమే కుదరదు, లోపలి ఫైల్‌కు ఎన్ని పర్మిషన్లు ఉన్నా లాభం లేదు.

కంపోజ్ ఫైల్ రాయడం

ఇప్పుడు డాకర్ కంపోజ్ ఫైల్, అంటే కంటైనర్ ఎలా నడవాలో చెప్పే సెట్టింగ్‌ల ఫైల్ రాయండి. యామల్ ఫార్మాట్ కాబట్టి లైన్ల ముందు స్పేస్‌లే వాడాలి, ట్యాబ్ కొడితే ఫైల్ చదవదు. అందులో ఉండాల్సినవి: ఇమేజ్ పేరు, ఇందాక రాసిపెట్టుకున్న యూజర్, గ్రూప్ నంబర్లు, మూడు మౌంట్‌లు, ఒక పోర్ట్, మెషీన్ రీబూట్ అయినా తనంతట తాను లేచేలా రీస్టార్ట్ సెట్టింగ్.

మూడు మౌంట్‌లలో మొదటిది మీ ఫైళ్ళ ఫోల్డర్. అది కంటైనర్ లోపల ఎస్‌ఆర్‌వీ అనే చోటికి వెళ్తుంది. రెండోది డేటాబేస్ ఫోల్డర్, మూడోది కాన్ఫిగ్ ఫోల్డర్. యూజర్లు, షేర్ లింకులు, సెట్టింగ్‌లు అన్నీ డేటాబేస్ ఫైల్‌లో ఉంటాయి. అది కంటైనర్ లోపలే ఉండిపోతే కంటైనర్ తీసేసిన రోజు అన్నీ పోతాయి.

ఈ డేటాబేస్ విషయంలో నేను ఒక సాయంత్రం మొత్తం పోగొట్టుకున్నాను. ఒక పాత గైడ్ చూసి ఫోల్డర్‌కు బదులు డేటాబేస్ ఫైల్‌నే నేరుగా మౌంట్ చేశాను. ఆ ఫైల్ సర్వర్‌లో అప్పటికి లేదు. అలా లేనప్పుడు డాకర్ ఆ పేరుతో ఖాళీ ఫోల్డర్ సృష్టిస్తుంది. దాంతో ప్రోగ్రామ్ డేటాబేస్ ఫైల్ తెరవబోయి, అక్కడ ఫోల్డర్ ఉందని చెప్పి ఆగిపోయేది, మళ్ళీ లేచేది, మళ్ళీ ఆగేది. నేనేమో పర్మిషన్లు సరిచేస్తూ కూర్చున్నాను. మీ కంటైనర్ అలా పదేపదే రీస్టార్ట్ అవుతుంటే ముందు ఆ పేరుతో ఉన్నది ఫైలా, ఫోల్డరా చూడండి. ఫోల్డర్ అయితే తీసేసి, ఫైల్‌కు బదులు దాన్ని పట్టి ఉంచే ఫోల్డర్‌ను మౌంట్ చేయండి. డేటాబేస్, కాన్ఫిగ్ ఫోల్డర్లను మీరే ముందుగా సృష్టించి, వాటిని కూడా ఆ కొత్త యూజర్ పేరు మీద పెట్టండి. లేకపోతే డాకర్ వాటిని రూట్ పేరు మీద సృష్టిస్తుంది, ప్రోగ్రామ్ వాటిలో రాయలేదు.

ఇక పోర్ట్. ఉత్తినే 8080:80 అని (సర్వర్ 8080 పోర్ట్‌ను కంటైనర్ 80 పోర్ట్‌కు కలుపుతూ) రాస్తే ఆ పోర్ట్ మెషీన్ అన్ని నెట్‌వర్క్ అడ్రస్‌ల మీదా తెరుచుకుంటుంది. యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్ ఉంది కదా, అది ఆపుతుందిలే అనుకోకండి. డాకర్ తన రూల్స్‌ను ఐపీటేబుల్స్‌లో (లైనక్స్ కింది స్థాయి ఫైర్‌వాల్‌లో) నేరుగా పెట్టుకుంటుంది, పబ్లిష్ చేసిన పోర్ట్ యూఎఫ్‌డబ్ల్యూని దాటి బయటికి కనిపిస్తుంది. అందుకని 127.0.0.1:8080:80 అని రాయండి. అప్పుడు అదే మెషీన్ లోపలి నుంచి తప్ప ఎవరికీ అది తెరుచుకోదు. ఈ గైడ్‌లో ఒక్క లైనే గుర్తుపెట్టుకుంటానంటే ఈ లైన్ గుర్తుపెట్టుకోండి.

మొదటి లాగిన్

కంటైనర్ మొదలుపెట్టి వెంటనే లాగ్స్ చూడండి. కొత్త వెర్షన్లలో మొదటిసారి నడిచినప్పుడు అడ్మిన్ యూజర్‌కు ఒక ర్యాండమ్ పాస్‌వర్డ్ తయారై లాగ్‌లో కనిపిస్తుంది. అది కనిపించేది ఆ ఒక్కసారే. చూడకుండా దాటిపోతే కంగారు అక్కర్లేదు: ఇంకా ఏమీ సెట్ చేయలేదు కాబట్టి కంటైనర్ ఆపి, డేటాబేస్ ఫైల్ తీసేసి, మళ్ళీ మొదలుపెడితే కొత్త పాస్‌వర్డ్ వస్తుంది. పాత వెర్షన్లలో యూజర్ పేరు, పాస్‌వర్డ్ రెండూ అడ్మిన్ అనే ఉండేవి. అలాంటిది ఇప్పటికీ నడుపుతుంటే ముందు అప్‌డేట్ చేయండి.

పోర్ట్‌ను లోపలికే పరిమితం చేశాం కాబట్టి ఈ మొదటి లాగిన్‌కు మీ కంప్యూటర్ నుంచి ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్ (మీ కంప్యూటర్‌లోని ఒక పోర్ట్‌ను సర్వర్ 8080 పోర్ట్‌కు కలిపే దారి) వేసుకోండి. లోపలికి వెళ్ళగానే పాస్‌వర్డ్ మార్చండి.

బయటికి తలుపు

ఇక్కడ రెండు దారులున్నాయి. వాడేది మీరూ మీ ఇంట్లోవాళ్ళూ మాత్రమే అయితే నా సలహా వీపీఎన్, అంటే మీ పరికరాలకు మాత్రమే తెరుచుకునే ప్రైవేట్ నెట్‌వర్క్. అలాంటి వీపీఎన్ అయిన వైర్‌గార్డ్ 2020 నుంచి లైనక్స్ కెర్నల్‌లోనే ఉంది, ఫోన్లకు యాప్ కూడా ఉంది. ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచాల్సింది ఒక్క యూడీపీ పోర్ట్ మాత్రమే, సరైన కీ లేనివాడు తడితే అది పలకను కూడా పలకదు. ఈ దారిలో లోకల్ అడ్రస్‌కు బదులు సర్వర్ వీపీఎన్ అడ్రస్‌ను కంపోజ్‌లో పోర్ట్ ముందు రాస్తే చాలు.

వీపీఎన్ పెట్టుకోలేని మనుషులు కూడా వాడాలంటే రివర్స్ ప్రాక్సీ (బయటి నుంచి వచ్చేవాటిని తీసుకుని లోపలి ప్రోగ్రామ్‌కు అందించే మధ్యవర్తి సర్వర్), హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి. మీకు డొమైన్ ఉండి, 80, 443 పోర్ట్‌లు తెరిచి ఉంటే క్యాడీ అనే వెబ్ సర్వర్ అన్నిటికంటే తేలిక. దాని కాన్ఫిగ్ ఫైల్‌లో డొమైన్ పేరు, దాని కింద రివర్స్ ప్రాక్సీ లైన్‌లో లోకల్ అడ్రస్, 8080 పోర్ట్ రాస్తే చాలు. సర్టిఫికెట్ తెచ్చుకోవడం, గడువు తీరకముందే మార్చుకోవడం అదే చూసుకుంటుంది. ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ వాడితే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ కోసం సర్ట్‌బాట్ ప్రోగ్రామ్ పెట్టి, దాని ఆటోమేటిక్ రెన్యువల్ నిజంగా పనిచేస్తోందో లేదో డ్రై రన్ (ఉత్తుత్తి ప్రయత్నం) చేసి చూడండి. మామూలుగా ఆ సర్టిఫికెట్ 90 రోజులే చెల్లుతుంది.

ఎంజిన్‌ఎక్స్‌తో వచ్చే ప్రసిద్ధ సమస్య 413 ఎర్రర్. చిన్న టెక్స్ట్ ఫైల్ ఎక్కుతుంది, ఫోటో మాత్రం ఎక్కదు. కారణం, క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా 1 ఎంబీ ఉండటమే. కాన్ఫిగ్‌లో ఆ నాలుగు పదాల మధ్య అండర్‌స్కోర్‌లు ఉంటాయి. దీన్ని చూసి చాలామంది సున్నా పెట్టి పరిమితే లేకుండా చేసేస్తారు. అంత అవసరం లేదు. ఫైల్ బ్రౌజర్ పెద్ద ఫైల్‌ను ముక్కలు చేసి పంపుతుంది, డిఫాల్ట్‌గా ఒక్కో ముక్క 10 ఎంబీ. ప్రాక్సీకి ఒకసారికి వచ్చేది ఆ ముక్కే కాబట్టి పరిమితిని 20 ఎంబీ చేస్తే ఎంత పెద్ద వీడియో అయినా వెళ్తుంది. టైనీ ఫైల్ మేనేజర్ వాడేవాళ్ళు పీహెచ్‌పీలో కూడా చూడాలి. అక్కడ ఒక్క ఫైల్‌కు డిఫాల్ట్ పరిమితి 2 ఎంబీ, మొత్తం పోస్ట్‌కు 8 ఎంబీ.

ఫైల్ బ్రౌజర్‌లో రెండంచెల లాగిన్ లేదు. అది కావాలంటే ప్రాక్సీ దగ్గర ఆథీలియా లాంటి లాగిన్ తనిఖీ ప్రోగ్రామ్ పెట్టి, యూజర్ పేరును హెడర్‌లో (బ్రౌజర్ అభ్యర్థనతో పాటు వెళ్ళే సమాచారపు లైన్‌లో) పంపించే పద్ధతి ఉంది. ఆ పద్ధతిలో ఫైల్ బ్రౌజర్ హెడర్‌లో ఏ పేరు వస్తే ఆ పేరును నమ్మేస్తుంది, పాస్‌వర్డ్ అడగదు. 8080 పోర్ట్ బయటికి తెరిచి ఉంటే ఎవడైనా ఆ హెడర్‌లో అడ్మిన్ అని రాసి లోపలికి వచ్చేస్తాడు. 127.0.0.1 అంత ముఖ్యమని చెప్పింది ఇందుకు కూడా.

యూజర్లు

అడ్మిన్ అకౌంట్‌ను రోజువారీ పనికి వాడకండి. మీకు కూడా ఒక మామూలు యూజర్ చేసుకోండి. ప్రతి యూజర్‌కూ స్కోప్ అని ఒక గడి ఉంటుంది, ఆ మనిషికి ఏ ఫోల్డర్ కనబడాలో అక్కడ రాయాలి. దాన్ని ఖాళీగానో, ఒక్క స్లాష్‌తోనో వదిలేస్తే మౌంట్ చేసిందంతా కనబడుతుంది. సెట్టింగ్‌లలో కొత్త యూజర్‌కు డిఫాల్ట్‌గా ఏ స్కోప్, ఏ అనుమతులు రావాలో ముందే పెట్టుకుంటే తర్వాత మర్చిపోయే టెన్షన్ ఉండదు.

అనుమతులు ఇచ్చేటప్పుడు తక్కువతో మొదలుపెట్టండి. చూడటం, దించుకోవడం చాలినవాళ్ళకు అంతవరకే. తీసేసే అనుమతి మాత్రం బాగా ఆలోచించి ఇవ్వండి. సర్వర్‌లో కమాండ్‌లు నడిపే ఫీచర్ ఒకటి ఉంది. భద్రతా సమస్యల వల్ల కొత్త వెర్షన్లలో దాన్ని డిఫాల్ట్‌గా ఆపేశారు. ఆపేసే ఉంచండి. ఎవరైనా సొంతంగా అకౌంట్ తెరుచుకునే సైన్అప్ కూడా అంతే.

షేర్ లింకులు

లింక్ ఎవరి చేతిలో పడితే వాళ్ళకు ఆ ఫైల్ అందుతుంది. కాబట్టి గడువు పెట్టకుండా లింక్ ఇవ్వకండి. ముఖ్యమైన ఫైల్ అయితే పాస్‌వర్డ్ కూడా పెట్టి, లింక్ ఒక దారిలో, పాస్‌వర్డ్ ఇంకో దారిలో పంపండి. ఫోల్డర్‌ను షేర్ చేస్తే, రేపు మీరు అందులో వేసే కొత్త ఫైల్ కూడా పాత లింక్ ఉన్నవాళ్ళకు కనబడుతుంది. బయటికి పంపే ఫైళ్ళకు విడిగా ఫోల్డర్ పెట్టుకోమన్నది ఇందుకే: పంపాల్సినదాన్ని అక్కడికి కాపీ చేసి అక్కడి నుంచే లింక్ ఇస్తే, అసలు ఫోల్డర్‌లో మీరు ఏం చేసుకున్నా భయం లేదు. నెలకోసారి షేర్ల జాబితా తెరిచి అక్కర్లేనివి తీసేయండి.

డిలీట్, బ్యాకప్

ఫైల్ బ్రౌజర్‌లో రీసైకిల్ బిన్ లేదు. డిలీట్ నొక్కి సరే అంటే ఫైల్ డిస్క్ మీద నుంచే పోతుంది. అప్పట్లో వేరే ఫైల్ మేనేజర్ వాడుతున్నప్పుడు, ఫోన్‌లో ఒక ఫైల్ ఎంచుకున్నాననుకుని దాని పై ఫోల్డర్ ఎంచుకుని తీసేశాను. స్కాన్ చేసిన ఇంటి కాగితాలు నాలుగేళ్ళవి. సగం మళ్ళీ స్కాన్ చేయగలిగాను, మిగతా సగం కాగితాలు కూడా లేవు. ఆ రోజు నుంచి బ్యాకప్ నడిచి, అందులోంచి ఒక ఫైల్ వెనక్కి తెచ్చి చూశాకే ఏ ఫైల్ మేనేజర్‌నైనా వేరేవాళ్ళ చేతికి ఇస్తున్నాను.

రెస్టిక్ గానీ బోర్గ్ గానీ, ఏదో ఒక బ్యాకప్ ప్రోగ్రామ్ పెట్టి రోజూ రాత్రి ఫైళ్ళ ఫోల్డర్‌ను ఇంకో మెషీన్‌కో, ఇంకో చోటికో పంపండి. రెయిడ్ (ఒకే డేటాను రెండు డిస్క్‌ల మీద ఉంచే ఏర్పాటు) ఉంది కదా అంటారేమో. డిస్క్ పాడైతే రెయిడ్ కాపాడుతుంది, మీరు డిలీట్ చేస్తే రెండు డిస్క్‌ల మీదా ఒకేసారి డిలీట్ చేస్తుంది. డేటాబేస్ ఫైల్‌ను బ్యాకప్ తీసేటప్పుడు కంటైనర్‌ను ఒక్క నిమిషం ఆపి కాపీ చేస్తే నమ్మకంగా ఉంటుంది. అప్‌డేట్ చేసే ముందు కూడా ఇదే చేయండి. ఇమేజ్ పేరు చివర లేటెస్ట్ అని వదిలేయకుండా వెర్షన్ నంబర్ రాసుకుంటే, కొత్తది ఇబ్బంది పెట్టినప్పుడు పాతదానికి వెనక్కి రావచ్చు.

బయటి నుంచి పరీక్ష

అంతా అయ్యాక ఫోన్‌లో వైఫై ఆపేసి మొబైల్ డేటా మీద పరీక్షించండి. ముందుగా డొమైన్ తెరిచి తాళం గుర్తు చూడండి. తర్వాత సర్వర్ ఐపీ అడ్రస్ పక్కన 8080 పోర్ట్ కొట్టి చూడండి, పేజీ రాకూడదు. వస్తే కంపోజ్‌లో పోర్ట్ లైన్ తప్పుంది. ఆ తర్వాత అన్నిటికంటే తక్కువ అనుమతులున్న యూజర్‌తో లాగిన్ అయి, 200 ఎంబీ వీడియో ఒకటి ఎక్కించండి (ఎక్కించే అనుమతి లేని యూజర్ అయితే ఆ బటనే కనబడకూడదు), పక్క మనిషి ఫోల్డర్ పేరును అడ్రస్ బార్‌లో నేరుగా కొట్టి చూడండి. ఆ ఫోల్డర్ తెరుచుకుంటే స్కోప్ సరిగా పడలేదన్నమాట, ఎవరికీ లింక్ పంపకముందే అడ్మిన్‌గా వెళ్ళి ఆ గడి సరిచేయండి.